ఎనిమిదికి ముందు తొమ్మిది

తాత పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను నిఘంటువులో ఒక మాట వెతుకుతున్నాను. ఫోన్ చేసింది తాత కూతురు, భూపాలపల్లి నుంచి. "బాపు పోయిండు చెల్లె. పొద్దుగాల ఏడింటికి," అంది. నేను "సరే అక్కా" అన్నాను. ఆ చోట అనాల్సిన మాట అది కాదని ఫోన్ పెట్టేశాక తెలిసింది. మళ్లీ చేసి వేరే ఏదన్నా అందామనుకున్నాను. ఏమనాలో తోచలేదు. నిఘంటువు తెరిచే ఉంది. నా వేలు ఇంకా అదే వరుస మీద ఉంది.

ఇది రాస్తున్న ఇవాళ్టికి నేను ఏడవలేదు. గొప్పగా చెప్పుకోవడం లేదు. ఎందుకు రావడం లేదో నాకే తెలియడం లేదు.

ఆయన నా సొంత తాత కాదు. మాది గూడూరు దగ్గర ఒక తండా. డిగ్రీ చదవడానికి మహబూబాబాద్ వచ్చాను. ఇక్కడి వాళ్లం దాన్ని మానుకోట అనే అంటాం. ఆయన ఇంటి పెరట్లో ఒక రేకుల గది ఉంటే అందులో అద్దెకు దిగాను. వచ్చిన కొత్తలో గోడ మీద రోజుకొక తెలుగు మాట చీటీ రాసి అంటించేదాన్ని. ఇంట్లో మేం మా తండా భాష మాట్లాడతాం. తెలుగు నాకు బడిలో వచ్చింది. మనసులోకి మాత్రం కాలేజీకి వచ్చాకే దిగింది. కొత్త మాట దొరికితే కొత్త చెప్పులు తొడుక్కున్నట్టు ఊరికే అటూ ఇటూ నడవాలనిపించేది.

ఒకరోజు తాత గది గుమ్మం దగ్గర నిలబడి ఆ చీటీలు చూశాడు.

"గవేంది బిడ్డా, గోడకు మందు చీటీల లెక్క?"

"మాటలు తాతా. రోజుకొకటి నేర్చుకుంటున్న."

"గోడకు అంటిస్తె మాటలు రావు బిడ్డా. మాట్లాడేటోళ్ల కాడ కూసుంటె వస్తయి. ఐతారం నాతోని రా."

అలా మొదటిసారి ఆదివారం పొద్దున పది గంటలకు ఆయన వెంట వెళ్లాను.

మానుకోటలో ఒకప్పటి సినిమా టాకీసు ఇప్పుడు పెళ్లిళ్లు చేసే ఫంక్షన్ హాలు. దాని పక్కన పాత సైకిల్ స్టాండ్ షెడ్డు మాత్రం మిగిలింది. అందులో ఒక దర్జీ కుట్టుమిషన్ పెట్టుకున్నాడు. తాత ఆ టాకీసులో ముప్ఫై ఏళ్లకు పైగా ఆపరేటర్. అంటే పైన చిన్న గదిలో ఉండి రెండు మిషన్లతో తెర మీద సినిమా నడిపే మనిషి. టాకీసు మూతపడ్డాక ఆయన, దర్జీ పెద్దనాయిన, ఒకప్పుడు ఇంటర్వెల్లో పల్లీలు అమ్మిన అవ్వ, ఈ ముగ్గురూ ఆదివారం ఆ షెడ్డులో కూర్చోవడం మొదలైంది. నెలకొకసారి జనగామ నుంచి రైలెక్కి ఒక రిటైర్డ్ లెక్కల సారు కూడా వచ్చేవారు. నేను వెళ్లేసరికి వాళ్ల కూడిక మొదలై చాలా ఏళ్లయింది.

వాళ్లు మాట్లాడుకునేది పాత సినిమాల గురించే. అందరికీ తెలిసిన, పండుగ పూట టీవీలో వచ్చే సినిమాల గురించి కాదు. "అవి ఎప్పుడైనా దొరుకుతయి. వాటిని మనం కాపాడే పనిలేదు," అనేవాడు తాత. టీవీలో రానివి, ఫోన్‌లో వెతికినా దొరకనివి, ప్రింట్లు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియనివి, అలాంటి సినిమాలనే వాళ్లు చెప్పుకునేవారు. చెప్పుకోవడం అంటే బాగుందనో బాగాలేదనో అనడం కాదు. మొదటి రీలు నుంచి చివరి రీలు దాకా సినిమా మొత్తం నోటితో నడపడం.

దానికొక పద్ధతి ఉంది. టాకీసులో రెండు మిషన్లుంటాయి. ఒక దాంట్లో రీలు అయిపోతుంటే రెండో దాంట్లో తర్వాతి రీలు సిద్ధంగా ఉంటుంది. రీలు చివర తెర పై మూలన ఒక చిన్న నల్ల చుక్క మెరుస్తుంది. అది రెండో మిషన్ తిప్పమని గుర్తు. కొన్ని క్షణాలకు మళ్లీ చుక్క వస్తుంది. అప్పుడు మార్చేయాలి. కింద కూర్చున్న వాళ్లెవరూ ఆ చుక్కలు చూడరు. షెడ్డులో కూడా అంతే. ఇద్దరు మనుషులు రెండు మిషన్లు. ఒకరు ఒక రీలు చెబితే మరొకరు తర్వాతి రీలు అందుకోవాలి. తాత రేకు స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుని వినేవాడు. రీలు అయిపోవస్తుంటే వేలితో స్టూలును ఒకసారి కొట్టేవాడు. చెప్పే మనిషి సర్దుకోవాలి. కాసేపాగి రెండుసార్లు కొట్టేవాడు. అక్కడితో ఆపాలి, మాట మధ్యలో ఉన్నా సరే. రెండో మనిషి అదే మాట నుంచి ఎత్తుకోవాలి.

"నేను ఏ బొమ్మా నిండుగ సూడలె బిడ్డా," అన్నాడు నాతో ఒకసారి. ఇక్కడ సినిమాను బొమ్మ అంటారు. "ఒక మిషన్ల రీలు ఎక్కిస్తుంటె ఇంకో మిషన్ల కథ నడిసిపోతది. రీలు చుట్టేటప్పుడు ఒక ముక్క, మిషన్ల మసి తుడిసేటప్పుడు ఒక ముక్క పోయింది. గిప్పుడు వీళ్లు చెప్తుంటె పోయినయన్నీ సూస్తున్న."

దర్జీ పెద్దనాయిన హీరో మాటలన్నీ సినిమాలో ఉన్నట్టే కోస్తా యాసలో, గొంతు మార్చి చెప్పేవాడు. అవ్వ మాత్రం రాజునైనా రాణినైనా మానుకోట భాషలోనే మాట్లాడించేది.

"అవ్వా, రాణి గట్లంటదా? 'ఏడికి పోయినవ్ రా' అంటదా రాజుతోని?" అని దర్జీ ఎగతాళి చేస్తే అవ్వ ఊరుకునేది కాదు.

"సినిమాల మన మాట మాట్లాడినోడు ఎవడు? దొంగ, లేకుంటె తాగుబోతు. జర నా రీల్లనన్న రాణిని మాట్లాడనియ్యి."

తాత కళ్లు తెరవకుండానే నవ్వేవాడు. నేను అన్నీ నోటుబుక్కులో రాసుకునేదాన్ని. గోడ మీద చీటీలు అంటించడం ఎప్పుడు మానేశానో నాకు గుర్తులేదు.

ఇప్పుడు పడవ బొమ్మ గురించి చెప్పాలి. నేను ఈ నాలుగు పేజీలు రాయడానికి కారణం అదే.

దాని అసలు పేరు వేరే. వీళ్లు మాత్రం పడవ బొమ్మ అనే అనేవారు. యాభై ఏళ్ల కింద ముందు జనగామలో ఆడి, అదే ప్రింటు రైలెక్కి మానుకోటకు వచ్చి ఇక్కడ రెండు వారాలు ఆడింది. ఆ తర్వాత ఎక్కడా ఆడినట్టు వీళ్లకు తెలియదు. ఇద్దరు అన్నదమ్ములు, ఒక తల్లి, ఒక రేవు. అన్న పడవ నడుపుతాడు. తమ్ముడికి అన్న మీద కోపం. ఏడో రీలులో ఇద్దరూ ఇంట్లో గొడవపడతారు.

ఆ తర్వాత ఏం జరిగిందన్న దగ్గరే పేచీ. మానుకోట వాళ్ల లెక్కలో గొడవ తర్వాత తల్లి చిన్నకొడుకుకు అన్నం పెడుతుంది. ఏమీ అడగదు. "అయిందేదో అయింది. ముందు తిను," అంటుంది. ఆ అన్నం తిన్న కొడుకే వెళ్లి, వరదలో అన్న పడవ తాడు విప్పి వదిలేస్తాడు. జనగామ సారు లెక్కలో ఇది తిరగబడుతుంది. తమ్ముడు ముందే పడవ వదిలేసి వచ్చాడు, తల్లికి అది తెలుసు, తెలిసీ అన్నం పెట్టింది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. అన్నం తినేటప్పుడు తమ్ముడి కుడి అరచేతికి గుడ్డ కట్టి ఉంటుంది. దాని మీద మానుకోటలో యాభై ఏళ్లుగా వాదన నడుస్తోంది.

"కొట్లాటల తాకింది," అనేవాడు దర్జీ.

"కొట్లాటల వాని చెయ్యి ఎవలన్న ముట్టుకున్నరా? కాలింది. పొయ్యి కాడ కాలింది," అనేది అవ్వ.

"కాదవ్వా, గది డైరెక్టర్ తెలివి. వీడు ఈ చేతితోని పాపం జేస్తడని మనకు ముందుగాలనే జూపిచ్చిండు."

"తెలివి లేదు, ఏం లేదు," అనేవారు సారు. "ముందు తాడు ఇప్పిండు, చెయ్యి ఒరుసుకపోయింది. తర్వాత గుడ్డ గట్టుకున్నడు. ఎనిమిది తర్వాత తొమ్మిది వస్తదయ్యా. ఇంత సీదా లెక్క మీకెందుకు ఎక్కుతలేదు?"

"సారూ, జనగామల సినిమాకు పోయినోళ్లు సగంమంది నిద్రపోతరట గదా!"

సారు కూడా నవ్వేవారు. తాత ఆ వాదనలో ఎప్పుడూ నోరు విప్పేవాడు కాదు. ఆపరేటర్ కదా, ఆయనను అడిగితే తేలిపోతుంది కదా అని నేనొకసారి అన్నాను. "నేను మసి తుడుస్తున్న గప్పుడు," అన్నాడు. అందరూ నవ్వారు.

పోయిన ఎండాకాలానికి ముందు ఒక ఆదివారం సారు వచ్చారు. మళ్లీ పడవ బొమ్మ పడింది. దర్జీ ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. "సారుకు మతి తప్పింది. మా ఊరోళ్లందరం తప్పు సూసినమా, ఆయన ఒక్కడు సక్కగ సూసిండా?" అన్నాడు. అది ఎప్పుడూ అనే మాటే. సారు మాత్రం ఆ రోజు నవ్వలేదు.

"కావచ్చయ్యా," అన్నారు. "నాకే తప్పు యాదికున్నదేమో. మా అన్నకు గూడ గిట్లనే షురువైంది. ముందుది ఎనుక, ఎనుకది ముందు. ఆఖరికి బిడ్డ పేరు గూడ మర్సిపోయిండు." చొక్కా జేబులోంచి ఒక చీటీ తీసి చూపించారు. దాని మీద తన పేరు, ఇంటి జాడ, కొడుకు ఫోన్ నంబరు రాసుకున్నారు. "ఈ నడుమ పెట్టుకుంటున్న. రైలు దిగినంక యాడికి పోవాల్నో తెల్వకపోతె ఎవలన్న సూస్తరని."

 అవ్వ చెంగు సర్దుకుంది. కాసేపటికి దర్జీ, "గట్లేం గాదు సారూ, ఊకె అన్న," అన్నాడు. వేరే సినిమా ఎత్తుకున్నారు. రీలు అయిపోయింది. తాత స్టూలు కొట్టలేదు. చెప్పే మనిషి చెబుతూనే ఉన్నాడు. నేను చూసినన్ని రోజుల్లో ఆయన చుక్క మర్చిపోవడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే తాత వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"బిడ్డా, సారు చెప్పేదే నిజం," అన్నాడు.

నేను తడిబట్ట చేతిలో పట్టుకునే విన్నాను. ప్రింటు పెట్టె పాసింజర్ రైలులో వచ్చింది. ఆ రోజు వాన. రీలు డబ్బాల మీద మైదాపిండితో అంటించిన నంబరు చీటీలుంటాయి. పెట్టె తెరిచేసరికి రెండు చీటీలు ఊడి అడుగున పడి ఉన్నాయి. రీలు మొదట్లో కూడా నంబరు ఉంటుంది కానీ ఎన్నో ఊళ్లు తిరిగిన ప్రింటు కాబట్టి ఆ ముక్కలు తెగిపోయాయి. తాత అప్పుడు పనిలో కొత్త. ఒకటి చేత పట్టుకుని ఇదే ఎనిమిది కావచ్చనుకున్నాడు. అది తొమ్మిది.

"మొదటి ఆట ఎవ్వలు లొల్లి పెట్టలె. ఆడోళ్లైతె ఎక్కెక్కి ఏడ్సిన్రు. మూడో దినం మిషన్ గది కిటికీల నుంచి సూసిన. ఆ తల్లి అన్నం పెడుతున్నది, వాని చేతికి గుడ్డ ఉన్నది. తాడు ఇంక ఇప్పనే లేదు. గుడ్డ యాడికెళ్లి వచ్చింది? గప్పుడు ఎరుకైంది, రీళ్లు ఎనుక ముందైనయని."

"మరి మార్చలేదా తాతా?"

"మారుద్దామనుకున్న. హాలు నిండిపోతున్నది. ఆ అన్నం సీను కోసం ఆడోళ్లు మళ్ల మళ్ల వస్తున్నరు. ఇప్పుడు మారిస్తె నిన్న సూసినోళ్లు ఒర్రుతరు, ఓనరుకు తెలుస్తది, నౌకరి పోతది. గట్లనే రెండు వారాలు ఏసిన." కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నాడు. "మూడు దినాల దాంక అది పొరపాటు బిడ్డా. నాలుగో దినం కెళ్లి అబద్ధం."

ఆయన చెప్పిన మాటల్లో నా నోటుబుక్కులో గీత గీసి పెట్టుకున్నది ఇదొకటి. ఇంకోటి ఉంది. తెగిన రీలు అతికించడం గురించి ఎప్పుడో చెప్పాడు. "అతుకేస్తె ఇంచు రీలు పోతది. పోతదని అతుకెయ్యకుంటె ఆట పోతది."

అరుగు మీద నుంచి లేస్తూ అసలు సంగతి అడిగాడు. "నాతోని గాదు. నువ్వు మంచిగ రాస్తవు గద. రాసి ఐతారం సదువు. సారున్నప్పుడు సదువు. నేను పక్కనే కూసుంట. పాపం, ఆ మనిషి తన బుర్రనే అనుమానపడుతున్నడు."

"సరే తాతా," అన్నాను.

అప్పుడూ సరే అన్నాను.

తర్వాత జరిగింది చెప్పడం కష్టంగా లేదు. కష్టంగా ఉండాలి కానీ లేదు. నేను రాయడం మొదలుపెట్టాను. మొదటి కాగితం చప్పగా అనిపించింది. రెండోదానిలో వాన గురించి బాగా వచ్చింది. మూడోదానిలో పొరపాటు అనే మాటకు బదులు ఇంకా మంచి మాట ఏదైనా ఉందేమోనని వెతికాను. సారు వచ్చే ఆదివారం దగ్గరపడితే ఇంకా కుదరలేదు తాతా అనేదాన్ని. పరీక్షలు కూడా వచ్చాయి. ఇంకో నిజం కూడా చెప్పాలి. నాకు తప్పు వరుసే ఇష్టం. కొడుకు తప్పు చేయకముందే అన్నం పెట్టి క్షమించిన తల్లి సారు చెప్పే తల్లికంటే నాకు పెద్దగా కనిపించింది. సెలవులకు తండాకు పోయినప్పుడు మిరప చేనులో మా యాడికి, అంటే మా అమ్మకు, ఆ కథ మా భాషలో చెప్పాను. యాడి కాయలు తెంపుతూనే విని, "తల్లికి ముందే తెలుస్తుంది. అందుకే ముందే పెట్టింది," అంది. ఈ మాటను కూడా ఎక్కడో ఒకచోట పెట్టాలని ఆశపడ్డాను. కాగితాలు పదకొండు అయ్యాయి.

ఈలోగా తాతకు దమ్ము, అంటే ఆయాసం, ఎక్కువైంది. అల్లుడు భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పనిచేస్తాడు. కూతురు వచ్చి అక్కడి దవాఖానలో చూపిస్తానని తీసుకుపోయింది. పోయే ముందు తాత రేకు స్టూలును షెడ్డులోనే ఉంచమన్నాడు. అక్కడ నుంచి ఆదివారం మధ్యాహ్నాలు ఫోన్ చేసేవాడు. మొదట ఒకటే అడిగేవాడు.

"ఇయ్యాల ఏ బొమ్మ నడిసింది?"

చెప్పేదాన్ని. తర్వాత అడిగేవాడు.

"సదివినవా బిడ్డా?"

"ఇంకా లేదు తాతా. మంచిగ రాస్తున్న."

"రాయి, రాయి."

ఆఖరి ఆదివారం ఆయన గొంతు చిన్నగా వినబడింది. నేనే ముందు అన్నాను. "తాతా, ఇంకా సదవలేదు. వచ్చేసారి ఖాయం."

"గదైతది తియ్యి," అన్నాడు. "తిన్నవా?"

తిన్నానన్నాను. నిజానికి తినలేదు.

నేను భూపాలపల్లికి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. పరకాల దాటాక బొగ్గు లారీలు మా బస్సు పక్కనుంచి పోతూనే ఉన్నాయి. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. అల్లుడి క్వార్టర్ ముందు టెంటు వేశారు. తాతను చూశాను. ఆయన కళ్లద్దాలు లేవు. కళ్లద్దాలు ఎక్కడ పెట్టారో అని అదే ఆలోచించాను. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు. ఎవరో ఒకామె నన్ను దగ్గరకు తీసుకుని ఏడ్చింది. ఆమె భుజం మీద నుంచి చూస్తే కిటికీ గట్టు మీద కళ్లద్దాలు కనిపించాయి. సరే, అక్కడున్నాయి అనుకున్నాను.

అంతా అయ్యాక కూతురు నా దగ్గరకు వచ్చి కూర్చుంది.

"బాపు మాటలన్నీ పుస్తకంల రాసుకుంటుంటివి గద?"

"అవునక్కా."

"దవాఖానల ఉన్నన్ని దినాలు మంచం పట్టీని ఊకె కొడుతుండె. ముందు ఒకసారి. జరసేపాగి రెండుసార్లు. సిస్టర్ ఉరికొచ్చి 'ఏం గావాలె పెద్దాయనా' అంటె, 'ఏం వద్దు, రీలు అయిపోయింది' అన్నడట. ఆమె నన్ను పిల్సి 'మీ బాపుకు ఏమన్న మతి తప్పిందా' అనడిగింది." అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "తప్పిందా చెల్లె?"

"లేదక్కా. తప్పలేదు," అన్నాను. ఆ రోజు నేను సరిగ్గా చెప్పిన మాట అదొక్కటే.

ఆ తర్వాతి నెల మొదటి ఆదివారం జనగామ సారు వస్తారని తెలుసు. పదకొండు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లాను. షెడ్డులో స్టూలు తాత ఉంచిన చోటే ఉంది. దాని మీద ఎవరూ కూర్చోలేదు. దర్జీ మిషన్ మీద గుడ్డ కప్పాడు. అవ్వ చాలా ఏళ్ల తర్వాత పల్లీలు వేయించి తెచ్చింది. ఎవరూ తినడం లేదు. సారు అందరికంటే చివర వచ్చి గోడవార కూర్చున్నారు. చొక్కా జేబులో చీటీ అంచు కనబడుతోంది.

కాగితాలు బయటకు తీశాను. మొదటిది చూశాను. నాకు ఇష్టమైన మాటలన్నీ అందులో ఉన్నాయి. ఒక్కటి కూడా నోట్లోకి రాలేదు. మడిచి మళ్లీ సంచిలో పెట్టేశాను.

"రీలు డబ్బాల చీటీలు వానకు ఊడిపోయినయట," అన్నాను. "తాత ఎనిమిదికి ముందు తొమ్మిది ఏసిండట. మూడో దినం తెలిసినా మార్చలేదట. సారు చెప్పిందే నిజం. మీకు సదివి చెప్పమని నాకు చెప్పిండు."

ఇంతే. మూడు నెలలు నేను రాసింది ఇంతే.

దర్జీ పెద్దనాయిన ఒక్కసారి పకపకా నవ్వాడు. వెంటనే ఆపేశాడు. "రెండు వారాలా?" అన్నాడు. "ఊరు ఊరంతానా?"

అవ్వ చేతిలో పల్లీలు నలిపింది. "అంటె నేను తప్పు జాగల ఏడ్సిన్నా?" అంది. "కడుపుల పెద్దోడు ఉండంగ పోయి ఏడ్సిన నేను. నాలుగు ఆటలు సూసిన."

దర్జీ ఆమె వైపు చూడకుండా మిషన్ మీద గుడ్డ సర్దాడు.

సారు నా వైపే చూస్తున్నారు. "నీకెప్పుడు చెప్పిండు బిడ్డా?"

"మీరు ఆ చీటీ చూపించిన మర్నాడు సార్."

"మూడు నెలలు," అన్నారు సారు. కోపంగా అనలేదు. లెక్క చూసుకుంటున్నట్టు అన్నారు. "పోయిన నెల స్కూటర్ తాళం మా కొడుక్కు ఇచ్చేసిన. ఇగ నేను నడపొద్దు అనుకున్న."

తప్పయిందని చెప్పాలి. నోరు తెరిచాను. ఆ మాట కూడా రాలేదు. సారు జేబులోంచి చీటీ తీసి, విప్పి, తన పేరు తాను చదువుకున్నారు. చింపుతారేమో అనుకున్నాను. మళ్లీ అదే మడత మీద మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఉండనియ్యి. మల్ల రాసుడెందుకు," అన్నారు. తర్వాత ఖాళీ స్టూలు వైపు చూసి, "యాభై ఏండ్లు ఎట్ల మోసిండో. నాకు ఒక్క మాట చెప్తె అయిపోతుండె గద," అన్నారు.

అవ్వ లేచి వచ్చి ఆయన చేతిలో, నా చేతిలో గుప్పెడు పల్లీలు పోసింది. "ముందు తినుండ్రి," అంది.

తిన్నాం. ఉప్పు సరిపోయింది. అది గమనించాను.

కాసేపటికి దర్జీ పెద్దనాయిన గొంతు సవరించుకున్నాడు. "సారూ, పడవ బొమ్మ నడుపుదాం. సక్కటి వరుసల. నేనొక మిషన్, నువ్వొక మిషన్. ఎనిమిదో రీలు నీది."

సారు తలూపారు. దర్జీ మొదటి రీలు ఎత్తుకున్నాడు. రేవు, పడవ, అన్న పాట. రెండోది సారు చెప్పారు. మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఎక్కడ ఆపాలో వాళ్లకు వచ్చేసింది, ఆగి అందుకున్నారు. నేను రాసుకోలేదు. ఊరికే విన్నాను. ఏడో రీలులో అన్నదమ్ముల గొడవ వచ్చింది. తల్లి ఇద్దరి మధ్య నిలబడింది. చిన్నవాడు గుమ్మం దాటి వానలోకి వెళ్లాడు. తలుపు కొట్టుకుంటోంది. "తల్లి తలుపు కాడికొచ్చి..." అన్నాడు దర్జీ, ఆగాడు. రీలు అయిపోయింది.

సారు వీపు నిటారుగా పెట్టుకున్నారు. మొదటి మాట ఆయన పెదవుల దాకా వచ్చి ఉంది. కుడి అరచెయ్యి మోకాలి మీద వెల్లకిలా తెరిచి ఉంది. అవ్వ నమలడం ఆపింది. కాజీపేట వైపు రైలు ఒకటి స్టేషన్‌లోంచి కదిలి, షెడ్డు రేకుల్ని అదిరించి, వెళ్లిపోయింది. చప్పుడు పూర్తిగా పోయేదాకా ఎవరం కదల్లేదు.

నలుగురం రేకు స్టూలు వైపే చూస్తున్నాం.